సీల్ మీదకు నెట్టేస్తే సరిపోదు

కెనడా తూర్పు తీరంలో, న్యూఫౌండ్‌లాండ్ సముద్రంలో కాడ్ చేపల వేటను 1992 జులై 2న ఆపేశారు. దాదాపు 30 వేల మందికి పని పోయింది. రెండేళ్లే అన్న నిషేధం ముప్పై రెండేళ్లు సాగింది. 2024లో దాన్ని ఎత్తేసి 18 వేల టన్నుల వేటకు అనుమతిచ్చారు. మరుసటి ఏడాదే కోటాను 38 వేల టన్నులకు పెంచారు. ఇది తొందరపాటు కాదు, తెలిసి చేస్తున్న తప్పు.

చేప ఎందుకు కోలుకోలేదంటే సీల్ అనే సముద్ర జంతువు తినేస్తోందంటారు. తింటోంది, కాదనలేం. కానీ సీలూ కాడూ వేల ఏళ్లుగా ఆ నీళ్లలోనే కలిసి బతికాయి. కొత్తగా వచ్చినవి, పట్టిన చేపను పట్టినచోటే కోసి గడ్డకట్టించే భారీ ట్రాలర్లు. 1968 ఒక్క ఏడాదిలోనే 8 లక్షల టన్నులకు పైగా తోడేశారు. 1977లో కెనడా 200 మైళ్ల హద్దు గీసి విదేశీ ఓడలను వెళ్లగొట్టింది. ఆ ఖాళీలోకి సొంత ట్రాలర్లను దింపింది.

అసలు మోసం ఆ తర్వాత జరిగింది. వేసవిలో చెరువు ఎండుతుంటే చేపలన్నీ మిగిలిన మడుగులోకి చేరతాయి. పిల్లాడు గంప ముంచినా నాలుగు దొరుకుతాయి. అది చూసి చెరువు నిండా చేపలున్నాయనుకుంటే ఎలా? కాడ్ విషయంలో జరిగింది అదే. తగ్గేకొద్దీ అవి ఒకచోట గుమిగూడాయి. చలికాలంలో గుడ్లు పెట్టేందుకు చేరిన గుంపులను సోనార్‌తో వెతికి మరీ వలేశారు. ట్రాలర్ల వలలు నిండుతూనే ఉన్నాయి, అధికారులు ఆ లెక్కలనే నమ్మారు. ఒడ్డు దగ్గర చిన్న పడవల వాళ్లు చేప చిక్కట్లేదని, దొరికేదీ చిన్నదవుతోందని మొత్తుకున్నా ఆలకించలేదు.

సీల్ లెక్క వేరే చోట తేలుతుంది. పక్కనే ఉన్న సెయింట్ లారెన్స్ సింధుశాఖ దక్షిణ భాగంలో వేట దాదాపు ఆగిపోయినా కాడ్ ఇంకా తగ్గిపోతోంది. అక్కడ బూడిదరంగు సీళ్లే ప్రధాన కారణమని శాస్త్రవేత్తల అంచనా. నిండుగా ఉన్న గుంపులోంచి సీల్ తినేది కనపడదు. మనిషి ఊడ్చేశాక మిగిలిన పిడికెడులోంచి తింటే అదే ప్రాణాంతకం. అంటే సీల్ బెడద ఉన్నచోట మనిషి మరింత ముందుగానే వల ఎత్తాలి. ఈ వాదాన్ని తలకిందులు చేసి, తప్పు సీల్ మీదకు నెట్టి వేట పెంచుతున్నారు.

పైగా 2023లో మారింది చేప కాదు, కొలబద్ద. కొత్త లెక్కింపు పద్ధతిలో, కాడ్ ఎంతకు తగ్గితే ప్రమాదమో చెప్పే గీత కిందికి దిగింది, దాంతో కాడ్ ఆ గీతకు పైన ఉన్నట్టయింది. కాడ్‌కు ముఖ్యాహారమైన కాపెలిన్ అనే చిన్న చేప 1990ల ఆరంభంలోనే కుప్పకూలింది. దాని వేట మాత్రం నేటికీ సాగుతోంది.

కెనడా ప్రభుత్వం ట్రాలర్లను వెంటనే రేవుకు రప్పించాలి, కాపెలిన్ వలలను ఆపాలి. కాడ్ వేటను ఒడ్డు దగ్గరి చిన్న పడవలకే వదలాలి.