నాలుగడుగుల ఎత్తున కొలిచిన చలి

మొన్న రాత్రి పదకొండింటికి ఆదిలాబాద్ వైపు ఒక సంక్షేమ హాస్టల్ నుంచి ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. "అన్నా, ఫోన్ల 13 డిగ్రీలు చూపిస్తుంది. మాకైతే పండ్లు టకటక కొట్టుకుంటున్నయి. ఈ వాతావరణమోళ్లు చెప్పేదంతా ఉత్తదేనా?"

"ఉత్తది కాదు తమ్మీ" అని రాసి ఆగిపోయాను. ఆ ఒక్క మాట రాసి ఊరుకుంటే తప్పించుకున్నట్టే అవుతుంది. అందుకే ఇక్కడ వివరంగా రాస్తున్నా.

ముందు ఒక మాట ఒప్పుకుందాం. వాతావరణ శాఖను వెక్కిరించడం మనకు అలవాటైంది. కానీ 2023 డిసెంబర్‌లో మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటుతుందని ముందే చెప్పబట్టే తీరంలో చాలామంది పక్కకు జరిగి బతికారు. సైన్సు మనకు శత్రువు కాదు. దాన్ని ఎవరి కోసం వాడుతున్నారన్నదే మన తగాదా.

ఇక చలి సంగతి. ఆకాశం తేటగా ఉండి, గాలి ఆడకపోతే నేల తన వేడిని రాత్రంతా పైకి వదిలేస్తుంది. తెల్లారేసరికి పాదరసం పడిపోతుంది. బంగాళాఖాతంలో ఎక్కడో అల్పపీడనం వచ్చి నాలుగు మబ్బులు ఇటు తోలితే అదే రాత్రి రెండు మూడు డిగ్రీలు వెచ్చగా మారుతుంది. ఆ మబ్బుల లెక్క తప్పితే అంచనా కూడా తప్పుతుంది. దీన్ని మోసం అనలేం.

ఫోన్‌లో కనిపించే 13 మీ ఊరి థర్మామీటర్ చూపే అంకె కాదు. కంప్యూటర్ మోడల్ కిలోమీటర్ల కొద్దీ నేలను ఒక గడిగా కట్టి వేసిన లెక్క అది. ఆ గడిలో మీ వాగు, మీ గుట్ట, మీ పల్లం విడివిడిగా కనబడవు. అందుకే పేపర్లో ఆదిలాబాద్‌కు ఒక అంకె, సిర్పూర్(యు)కో తిర్యాణికో అంతకన్నా తక్కువ అంకె వస్తుంది. రాష్ట్ర ప్రణాళికా సొసైటీకి తెలంగాణ అంతటా వెయ్యికి పైగా ఆటోమేటిక్ కేంద్రాలున్నాయి. చూస్తే మీ మండలం అంకె చూడండి. జిల్లా కేంద్రం అంకె మీది కాదు.

అసలు విషయం దీని తర్వాత ఉంది. ఆ అంకె ఎక్కడ కొలుస్తారు? గాలి ఆడే తెల్లటి పెట్టెలో, ఖాళీ జాగాలో, నేలకు సుమారు నాలుగడుగుల ఎత్తున. ప్రపంచమంతా దాదాపు ఇదే పద్ధతి, లేకపోతే ఒక ఊరిని ఇంకో ఊరితో పోల్చలేం. కానీ తేటగా ఉన్న రాత్రి నేలకు ఆనుకున్న గాలి ఆ పెట్టెలోని గాలికన్నా చల్లగా ఉంటుంది. చల్లగాలి బరువు కాబట్టి పల్లానికి జారి అక్కడే నిలుస్తుంది.

మా వాడ ఊరికి పల్లంలోనే ఉండేది. మా ఇంటిది రేకుల కప్పు. రేకు రాత్రిపూట గాలికన్నా ముందే చల్లబడుతుంది. తెల్లవారుజామున దాని కింద నీటిబొట్లు పట్టి మా చద్దర్ల మీద రాలేవి. తర్వాత హాస్టల్లో బండల మీద పడుకున్నాం. కిటికీలకు రెక్కల్లేవు, అట్టముక్కలు పెట్టుకున్నాం. ఆ ఏడు మాకు రగ్గులు సంక్రాంతి పోయినంక వచ్చాయి. పేపర్లో ఏ అంకె వేశారో నాకు గుర్తులేదు. ఒకే రగ్గులో ముగ్గురం ముడుచుకున్నది మాత్రం గుర్తుంది.

నేల మీది చలిని కొలవడం చేతకాదా? ఎందుకు కాదు! వ్యవసాయ వాతావరణ కేంద్రాల్లో గడ్డి మొన దగ్గర చలిని కొలిచే థర్మామీటర్ వేరుగా ఉంటుంది, పంటకు అది అవసరం కాబట్టి. పైరు కోసం వంగి చూసిన కన్ను బండల మీద పడుకున్న పిల్లల కోసం ఎందుకు వంగదు?

ఇంకోటి, హెచ్చరిక. మైదాన ప్రాంతంలో కనిష్ఠం 10 డిగ్రీలో, అంతకన్నా తక్కువో ఉండి, పైగా సాధారణం కన్నా కనీసం 4.5 డిగ్రీలు తగ్గితేనే 'శీతల గాలులు' అంటారు. లేదా ఏకంగా 4 డిగ్రీలకు పడాలి. అదీ కనీసం రెండు కేంద్రాల్లో, వరుసగా రెండు రోజులు. మీ దగ్గర సాధారణం 13 అనుకోండి. 9కి పడినా తేడా 4 మాత్రమే. లెక్క ప్రకారం అది శీతల గాలి కాదు. విపత్తు సాయం అందించే జాబితాలో శీతల గాలులు ఉన్నాయి, సంతోషం. కానీ ఆ గీత ఇవతల వణికేవాళ్లు ఏ జాబితాలో ఉన్నట్టు? రేకుల కింద, రోడ్డు మీద, తెల్లవారుజామున చీపురు పట్టుకుని ఎక్కువగా ఉన్నది ఎవరో నేను చెప్పక్కర్లేదు.

2010లో ఢిల్లీ చలికి ఇల్లులేనివాళ్లు చనిపోతుంటే కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. తర్వాత పట్టణాల్లో ప్రతి లక్ష జనాభాకు వందమందికి సరిపడా నీడ ఉండాలన్న నియమం వచ్చింది. ఏ థర్మామీటరూ దాన్ని తేలేదు. అడిగితే వచ్చింది.

కాబట్టి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, అంచనా నిజమా అబద్ధమా అని వాదించుకోవడం ఆపి ఒక పని చేద్దాం. ప్రతి హాస్టల్లో రెండు మామూలు థర్మామీటర్లు పెట్టండి. ఒకటి పడుకునే చోట నేల మీద, ఇంకోటి నాలుగడుగుల ఎత్తున. రోజూ తెల్లారి ఐదింటికి రెండు అంకెలూ, వాటి పక్కన మండల కేంద్రం అంకె నోటుబుక్కులో రాయండి. తేదీ వేయండి, ఇద్దరు సంతకం పెట్టండి. నెలరోజుల పుస్తకం పట్టుకుని కలెక్టరేట్‌కు పోదాం. రగ్గులు నవంబర్‌లోనే ఇవ్వాలని, కిటికీలకు రెక్కలు పెట్టాలని, స్నానానికి వేడినీళ్లు ఇవ్వాలని అడుగుదాం. చలి హెచ్చరిక వచ్చిన రోజు పారిశుధ్య కార్మికుల షిఫ్టు రెండు గంటలు వెనక్కి జరపాలని కూడా అడుగుదాం.

"చలిగా ఉంది సార్" అంటే "ఫోన్ల 13 ఉంది గదా" అంటారు. మన పుస్తకం ముందు పెడితే ఆ మాట అనలేరు.

ఆ తమ్ముడికి థర్మామీటర్లు నేనే పంపుతున్నా. మీ హాస్టల్లో ఎవరు రాస్తారో ఈ రాత్రే తేల్చుకోండి.

జై భీమ్.