జాముల్ రాళ్లకూ ఒక గైడ్ కావాలి

శ్రీలంకకు ప్రకృతి యాత్రకు వెళ్లినవారు కొద్ది రోజుల్లోనే సింహరాజ వర్షారణ్యాన్ని, హోర్టన్ మైదానాల గడ్డిభూములను, యాల పొడి అడవులను చూడగలరు. ఎత్తు, వర్షపాతం మారితే చెట్లూ జంతువులూ ఎందుకు మారతాయో గైడ్ చెప్పకపోతే ఆ యాత్ర ఫొటోలతోనే ముగుస్తుంది.

అలాంటి గైడ్ భిలాయి పక్కనున్న జాముల్‌కూ కావాలి. ఈ ప్రాంతపు సున్నపురాయి సుమారు 100 కోట్ల ఏళ్ల కిందట, లోతు తక్కువ సముద్రంలో ఏర్పడింది. ఇక్కడి సున్నపురాతి పొరల్లో స్ట్రొమటోలైట్లు ఉన్నాయి. సైనోబాక్టీరియా వంటి సూక్ష్మజీవుల జిగట పొరలకు సున్నపు రేణువులు అంటుకుని, పొర మీద పొర పేరుకుని గుమ్మటాల్లా పెరిగినవే ఇవి. మొక్కలు, జంతువులు పుట్టకముందు భూమిపై జీవం ఎలా ఉండేదో ఇవి చెబుతాయి.

భిలాయిలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ 1959లో మొదలైంది. కొలిమిలో వేసిన సున్నపురాయి ఇనుప ఖనిజంలోని మలినాలతో కలిసి స్లాగ్ అవుతుంది. ఆ స్లాగ్‌ను జాముల్‌లో సిమెంటు తయారీకి వాడతారు. అంటే ఊళ్లోని ఇంటి గోడల్లోనూ ఆ పాత సముద్రపు ఆనవాలు ఉంది.

పరిశ్రమకు రాయి అవసరమే. కానీ పిండి అయిన శిలాజం మళ్లీ దొరకదు. తవ్వకం ముగిసిన గనుల్లో స్ట్రొమటోలైట్లు కనిపించే చోటు ఒకటైనా కాపాడాలి. భద్రత చూసుకుని, శిక్షణ పొందిన స్థానిక యువత బడిపిల్లలకు దాన్ని చూపించాలి. హిందీ, ఛత్తీస్‌గఢీతో పాటు, ఉక్కు పనికి వచ్చి స్థిరపడిన కుటుంబాల కోసం తెలుగులోనూ వివరించాలి.