తట్టి వింటే తెలిసే భూగర్భం

కుండ కొనేవారు దానిని వేలితో తట్టి చూడనిదే డబ్బు చేతికివ్వరు. ఖంగుమంటే మంచిది, శబ్దం బొంగురుగా వస్తే ఎక్కడో పగులున్నదని అర్థం. మనం ఉక్కును అల్ట్రాసోనిక్ పరికరంతో పరీక్షించడంలోని సూత్రమూ ఇదే. తరంగం లోపలికి వెళ్ళి, లోపమున్న చోట పరావర్తనం చెంది, కబురు తెస్తుంది. ఇదే పరీక్షను కిలోమీటరు లోతున ఉన్న రాతిపొరలపై జరిపితే అది భూకంప తరంగ సర్వేక్షణ. బొగ్గుపులుసు వాయువును భూగర్భంలో దాచే ప్రయత్నాలలో దీని పాత్ర ఏమిటో ఈ మాసం పరిశీలిద్దాం.

ఇది మనకు దూరపు విషయం కాదు. నగర్‌నార్ బ్లాస్ట్ ఫర్నేస్ 2023 ఆగస్టు 12న ప్రజ్వలించింది. కర్మాగార సామర్థ్యం ఏటా 30 లక్షల టన్నులు. ఉక్కు మంత్రిత్వ శాఖ 2024 నివేదిక ప్రకారం మన దేశంలో టన్ను ముడి ఉక్కుకు సగటున 2.54 టన్నుల బొగ్గుపులుసు వాయువు వెలువడుతున్నది. ఈ జాతీయ సగటుతో లెక్క కడితే పూర్తి ఉత్పత్తికి ఏటా సుమారు 76 లక్షల టన్నులు. కోక్ ఇంధనం మాత్రమే కాదు, ఖనిజం నుండి ఆక్సిజన్‌ను లాగివేసేదీ అదే. కనుక ఎంత పొదుపు పాటించినా కొంత వాయువు తప్పదు. దానిని పట్టి ఉంచడం అసాధ్యమేమీ కాదు. అబూధాబీలోని ఒక ఉక్కు కర్మాగారం నుండి ఏటా 8 లక్షల టన్నులు పట్టి, చమురు క్షేత్రాలకు పంపే ఏర్పాటు 2016 నుండి ఉన్నది. జంషెడ్‌పూర్‌లో టాటా స్టీల్ 2021లో రోజుకు 5 టన్నులు పట్టే చిన్న యూనిట్‌ను నెలకొల్పింది.

పట్టిన వాయువును ఎక్కడ ఉంచాలి? 31 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రతను, సుమారు 73 రెట్ల వాతావరణ పీడనాన్ని దాటితే ఈ వాయువు ద్రవమంత చిక్కనవుతుంది. దాదాపు 800 మీటర్ల లోతున ఆ పరిస్థితి లభిస్తుంది. అక్కడ ఉప్పునీటితో నిండిన ఇసుకరాయి ఉండి, దానిపై మూతవలె దట్టమైన బంకరాయి పొర ఉంటే నిల్వకు అనుకూలం.

నార్వే సముద్రతీరానికి ఆవల స్లైప్నర్ క్షేత్రంలో 1996 నుండి ఏటా పది లక్షల టన్నులకు అటూఇటూగా ఈ విధంగా దింపుతూ వచ్చారు. విశేషమేమంటే, మొదటి సర్వేక్షణను 1994లోనే, అనగా వాయువును పంపడానికి రెండేళ్ళ ముందే జరిపారు. 1999 నుండి అదే చోట మళ్ళీ మళ్ళీ సర్వే చేసి, పాత పటంతో కొత్త పటాన్ని పోల్చారు. ఉప్పునీరున్న ఆ ఇసుకరాతిలో తరంగవేగం సెకనుకు సుమారు 2,050 మీటర్లు. వాయువు చేరిన చోట అది 1,450 మీటర్ల వరకు తగ్గుతుంది. అందువలన ఆ భాగం పటంలో ప్రకాశవంతమైన పొరలుగా కనిపించింది. అటువంటివి తొమ్మిది పొరలను గుర్తించారు.

అయితే ఈ విద్యకు ఒక పరిమితి ఉన్నది. కొద్దిపాటి వాయువు చేరినా వేగం బాగా పడిపోతుంది, తరువాత ఎంత చేరినా అంతగా మారదు. కనుక వాయువు ఎక్కడున్నదో తెలిసినంత స్పష్టంగా ఎంతున్నదో తెలియదు. అందుకే బావులలో పీడనాన్ని, నీటి రసాయన గుణాలను కూడా కొలవాలి.

రెండవ పద్ధతిలో మనం తట్టనవసరం లేదు, చెవి ఒగ్గి వింటే చాలు. లోపల పీడనం పెరిగితే శిలలు సూక్ష్మంగా కంపిస్తాయి. ఆ కంపనలను నిరంతరం నమోదు చేస్తారు. భూమిలో నీటి పీడనం ఏమి చేయగలదో జలాశయం చెంత 1967 డిసెంబరులో సంభవించిన కోయనా భూకంపం మన దేశానికి నేర్పింది. ఆ ప్రాంతపు ప్రకంపనలపై హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ దీర్ఘకాలంగా పరిశోధనలు సాగిస్తున్నది. అల్జీరియాలోని ఇన్ సాలా వద్ద 2004లో మొదలైన నిల్వ పనిని, మూతరాయి పటిష్ఠతపై సందేహం కలిగి 2011లో ఆపివేశారు. ఆ సందేహానికి ఆధారం ఉపగ్రహ కొలతలు, తరంగ సర్వేక్షణలే. ఆపవలసిన సమయంలో ఆపమని చెప్పడం కూడా ఈ పరీక్షల ప్రయోజనమే.

మరి బస్తర్ మాటేమిటి? ఇక్కడి శిలలు అతి పురాతనమైనవి. గ్రానైటు, నైస్ శిలలే కాక చిత్రకూట్ జలపాతం దూకే ఇసుకరాళ్ళు, కాంగేర్ లోయ సున్నపురాళ్ళు సైతం కోట్లాది సంవత్సరాలలో గట్టిపడినవి. వాయువు ఇముడవలసిన సూక్ష్మరంధ్రాలు వాటిలో స్వల్పం. కనుక మన కాళ్ళ కింద దాచవచ్చునని ఆశించరాదు. గోదావరి లోయ, కృష్ణా-గోదావరి తీరప్రాంతం వంటి అవక్షేప శిలలవైపు చూడవలసి ఉంటుంది. అక్కడ పొలాలున్నాయి, బావులున్నాయి, మనుషులున్నారు. ఆ రైతు వేసే మొదటి ప్రశ్న "మా నీటికి ఏమీ కాదు కదా?" అన్నదే.

ఆ ప్రశ్నకు భరోసా మాటలు సమాధానం కావు. వాయువు దింపకముందు తీసిన పటం, దింపిన తరువాత ఏటేటా తీసిన పటాలు పక్కపక్కన పెట్టి చూపాలి. మొదటి పటం లేకపోతే తరువాతి పటాలకు అర్థం లేదు. దానిని వెనుకకు వెళ్ళి తీయడం ఎవరి వల్లా కాదు. యంత్రాన్ని నడిపే ముందు రీడింగులు రాసుకొనే మనకు ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. దాచిన వాయువు వందల సంవత్సరాలు అక్కడే ఉండాలి. దాని లెక్క కూడా తరం నుండి తరానికి అందుతూ ఉండాలి.