దిడ్డి తలుపు

మొన్న సెలవుల్లో హైదరాబాదు వెళ్ళినప్పుడు మా అబ్బాయికి గోల్కొండ చూపించాను. ఫతే దర్వాజా గుమ్మటం కింద నేను చప్పట్లు కొడితే, దాదాపు కిలోమీటరు దూరాన, కొండమీద బాలా హిస్సారులో ఉన్న వాడికి వినిపించింది. ఇంజనీరు బుర్ర కదా, మిగతావీ వివరించాను. ఏనుగులు కుమ్మకుండా తలుపులకు ఇనుప మేకులు, అవి పరుగెత్తుకు రాకుండా ముందు అడ్డుగోడ, కొండపైకి నీళ్ళు తీసుకెళ్ళిన మట్టి గొట్టాలు.

ఇంత గట్టి కోట ఎలా పోయిందని అడిగాడు, ఇంగ్లీషులో.

1687లో ఔరంగజేబు సైన్యం ఎనిమిది నెలలు ముట్టడించినా కోట లొంగలేదు. చివరికి లంచం తిన్న లోపలివాడే రాత్రివేళ దిడ్డి తలుపు తీశాడు.

తిరుగు విమానంలో అదే ఆలోచన. మా టూంగాబీ ఇంట్లో తెలుగు తగ్గిపోయిందని ఇన్నాళ్ళూ బడినీ టీవీనీ తిట్టుకున్నాను. కానీ వాడు బళ్ళో ఇబ్బంది పడతాడేమోనని, మూడేళ్ళప్పుడే ఇంట్లో ఇంగ్లీషు మొదలుపెట్టింది నేనే.

ఇప్పుడు భోజనాల దగ్గర తెలుగే మాట్లాడుకుంటున్నాం. వాడు తడబడుతుంటాడు. మేం నవ్వకుండా వింటాం. ఉగాదినాడు హాల్లో కనిపిస్తే మీరూ వాణ్ణి తెలుగులోనే పలకరించండి. జవాబుకు కాస్త ఆలస్యమైతే ఏమీ అనుకోకండి.