ఇంగ్లీషుకీ తత్సమాలున్నాయి

మా చెల్లెలు ప్లస్ టూ చదువుతోంది. మే నెలలో సి.యు.ఇ.టి. రాయాలి. కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో డిగ్రీ సీట్ల కోసం 2022లో మొదలైన పరీక్ష అది. తెలుగు, తమిళంతో కలిపి 13 భాషల్లో రాసుకోవచ్చు గానీ, మా ఇంట్లో భయమంతా ఇంగ్లీషు పేపరు గురించే. అందులో సమానార్థకాలు, వ్యతిరేకార్థకాలు అడుగుతారు. కోచింగ్‌లో ఒక లావుపాటి పదాల పుస్తకం ఇచ్చారు. రోజుకి 50 మాటలు బట్టీ పట్టాలి, మర్నాడు పొద్దున్నే టెస్టు. పోయిన వారం చెల్లెలు ఆ పుస్తకం మూసేసి, "నాకు బుర్ర లేదక్కా. సోమవారం చదివింది బుధవారానికి ఉండటం లేదు" అని ఏడ్చింది.

రెండేళ్ళ కిందట నేనూ ఇలాగే ఏడ్చాను. అందుకే ఇది రాస్తున్నాను. ఇంగ్లీషు పెద్ద మాటలు గుర్తుండకపోవడానికీ బుర్రకీ సంబంధం లేదు. తప్పు నేర్పే పద్ధతిలో ఉంది. అంతకన్నా మంచి పద్ధతి మన తెలుగు క్లాసులోనే ఉందని నా అభిప్రాయం.

మొదటి ఏడాదిలో తత్సమాలు చదువుకున్నాం కదా. 'నీళ్ళు' ఇంటి మాట, 'జలం' చదువు మాట. 'చెట్టు' అంటాం, 'వృక్షం' అని రాస్తాం. ఇంగ్లీషులోనూ ఇదే కథ. 1066లో నార్మన్లు ఫ్రాన్సు వైపు నుంచి వచ్చి ఇంగ్లండుని గెలిచారు. ఆ తర్వాత చాలాకాలం రాజసభలో ఫ్రెంచి, చర్చిలోనూ చదువులోనూ లాటిన్ నడిచాయి. అందుకే దొడ్లో ఉన్నంతసేపూ అది 'షీప్', కంచంలోకి వస్తే 'మటన్'. 'బిగిన్' ఇంటి మాట, 'కమెన్స్' సభలో మాట. చెల్లెలి పుస్తకంలో చాలా మాటలు ఈ రెండో రకానివే. అంటే ఇంగ్లీషు వాళ్ళ తత్సమాలన్నమాట. వాటిని వాళ్ళ పిల్లలు కూడా బడిలో, పుస్తకాల్లో నేర్చుకోవాల్సిందే. అమ్మ ఒళ్ళో ఎవరికీ రావు. మరి మనం ఎందుకు సిగ్గుపడాలి?

తత్సమాల్ని మనం ఒక్కోటిగా బట్టీ పట్టలేదు. ఉపసర్గలు 22 అని చెప్పి, ఒకే ధాతువు నుంచి ఆహారం, విహారం, సంహారం, పరిహారం ఎలా వచ్చాయో బోర్డు మీద రాసి చూపించారు. ఒక్క గంటలో ఒక కుటుంబం మొత్తం పరిచయమైంది. ఇంగ్లీషులో 'స్పెక్ట్' అనే ముక్కకి చూడటం అని అర్థం. లోపలికి చూస్తే ఇన్‌స్పెక్ట్, వెనక్కి చూస్తే రెట్రోస్పెక్ట్, చుట్టూ చూసుకుని అడుగేసేవాళ్ళు సర్కమ్‌స్పెక్ట్. మనం 'వెనకా ముందూ చూసుకునే మనిషి' అంటామే, అదే. మంచి కోరేవాడు బెనెవొలెంట్, చెడు కోరేవాడు మలెవొలెంట్. మన 'సు', 'దుర్' చేసే పనే అక్కడ 'బెనె', 'మలె' చేస్తున్నాయి.

దీన్నే నమ్ముకుంటే మునుగుతాం, అదీ చెప్పాలి. మాక్ టెస్టులో 'ఎనర్వేట్' వచ్చింది. వినడానికి 'ఎనర్జీ'లా ఉంది కదా అని 'బలం ఇవ్వడం' మీద టిక్కు పెట్టాను. దాని అర్థం సరిగ్గా తిరగేసి, నీరసపరచడం. నరం లాగేసినట్టు అని దాని పుట్టుక. ముక్కలు సగం తెలిస్తే ఇలాగే అవుతుంది. కాబట్టి మాటని వాక్యంలో కూడా చూడాలి.

ఈ సంగతి రెండు భాషల ఇళ్ళలో పెరిగిన మనకి వేరే ఎవరూ చెప్పక్కర్లేదు. నాకు ఆరేళ్ళప్పుడు అవ్వ కరివేపాకు తెమ్మని అంగడికి పంపింది. నేను తొందర పెడుతుంటే అంగడి అన్న "అవసరపడాదే" అన్నాడు. తమిళంలో అవసరం అంటే తొందర. నేనేమో తెలుగులో అర్థం చేసుకుని, కరివేపాకు అవసరం లేదంటున్నాడని వట్టి చేతుల్తో ఇంటికొచ్చేశాను. అందరూ నవ్వారు. ఆ మాట మళ్ళీ మర్చిపోలేదు. ఎవరు, ఎప్పుడు, ఎవరితో అన్నారో తెలిసిన మాట మనతో ఉండిపోతుంది. పుస్తకంలో ఈ పక్క మాట, ఆ పక్క అర్థం ఉంటే దానికి పట్టుకోడానికి కొమ్మ ఏది?

"పరీక్షకి మూడు నెలలే ఉంటే కథలు చదువుతూ కూర్చోమంటావా?" అని మా క్లాసులోనే ఒకామె అడిగింది. న్యాయమైన ప్రశ్నే. పుస్తకం పారేయమని నేననను. రోజుకి 50 బదులు 10 చాలు. వాటిని కుటుంబాలుగా కలిపి పెట్టుకోవాలి. ఒక్కో మాటకి మన ఇంట్లో మనిషి మీదో, మన వీధి మీదో ఒక సొంత వాక్యం రాసుకోవాలి. రోజూ పేపర్లో ఒక వ్యాసం చదివి, నేర్చుకున్న మాట అందులో కనిపిస్తే గీత గీయాలి. లెక్కకి తక్కువే కావచ్చు, కానీ బుధవారానికి మిగిలేవి ఇవే.

మన శాఖలో పెద్ద మాటలు వినపడగానే తల దించుకునే వాళ్ళు చాలామంది ఉన్నారు, నాతో కలిపి. అందుకే మేడమ్ గారికి ఒక మనవి. ఈ గోడ పత్రికలో కింద ఒక మూల వారానికి ఒక ఇంగ్లీషు ధాతువు, పక్కనే దానికి దగ్గరైన మన ధాతువు రాయనివ్వండి. మొదటి నాలుగు వారాలు నేను రాస్తాను.

చెల్లెలు ఇప్పుడు రోజుకి పదే చేస్తోంది. మొన్న నేను బస్సుకి పరిగెడుతుంటే అవ్వ గుమ్మంలోంచి "చూసుకుని దాటవే!" అని అరిచింది. వెనకాలే చెల్లెలు, "అక్కా, అవ్వ నిన్ను సర్కమ్‌స్పెక్ట్‌గా ఉండమంటోంది" అంది.