మన ఆరోగ్యం: ఆ కాస్త రక్తంలో ఏం చూస్తారు?

మెడికల్‌కు పోయినప్పుడు సూదితో తీసే ఆ కాస్త రక్తంలో ఏం చూస్తారన్నా అని క్యాంపులో అడగనివాళ్లుండరు. హెచ్‌ఐవి, హెపటైటిస్-సి లాంటి వాటికి ముఖ్యంగా వెతికేది యాంటీబాడీలను. రోగక్రిమి చొరబడితే పట్టుకోవడానికి మన ఒళ్లు తయారు చేసుకునే ప్రోటీన్లవి. క్రిమి దొరక్కపోయినా దాని మీదికి పోయిన ఈ కాపలావాళ్లు రక్తంలో దొరుకుతారు. రక్తంలో అంత కొద్దిగా ఉండేవాటిని కొలిచే దారి అమెరికాలో పడింది.

న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో పుట్టిన రోజలిన్ యాలో తల్లిదండ్రులు హైస్కూలు గడప తొక్కలేదు. ఫిజిక్స్ చదివినా ఆడపిల్లకు పైచదువుకు సీటు దొరకదేమోనని ఆమె మొదట షార్ట్‌హ్యాండ్ నేర్చుకుని సెక్రటరీ పనికి కుదిరారు. 1947లో బ్రాంక్స్‌లోనే మాజీ సైనికుల ఆసుపత్రిలో చేరితే, చీపుళ్లు బకెట్లు పెట్టే గదే ఆమెకు ల్యాబు అయింది. ఆ గది ఎంతుంటుందో క్లీనింగ్ పని చేసే తమ్ముళ్లకు నేను చెప్పనక్కర్లేదు.

1950లో డాక్టర్ సాల్మన్ బెర్సన్ తోడయ్యారు. రేడియోధార్మిక అయోడిన్ తగిలించిన ఇన్సులిన్ ఎక్కించి చూస్తే, అంతకుముందు ఇన్సులిన్ సూదులు వేసుకున్న షుగర్ రోగుల రక్తంలో అది త్వరగా పోకుండా నిలిచింది. బయటి నుంచి వచ్చిన ఆ మందును కూడా యాంటీబాడీలు పట్టుకున్నాయన్నమాట! ఇంత చిన్న పదార్థానికి యాంటీబాడీలేమిటని పత్రికలు వ్యాసాన్ని తిప్పి పంపాయి. శీర్షికలో ఆ మాట తీసేశాకే 1956లో అచ్చయింది. ఆ పట్టుకునే గుణాన్నే త్రాసుగా వాడి, గ్రాములో లక్ష కోట్ల వంతుల్లో ఉండేవాటిని కూడా కొలిచే పద్ధతి కట్టారు. పేటెంటు తీసుకోలేదు. బెర్సన్ 1972లో పోయారు. 1977లో నోబెల్ వచ్చినప్పుడు యాలో తన ఉపన్యాసంలో ఆ తిప్పి పంపిన ఉత్తరాన్నే చూపించారు.

1971లో స్వీడన్‌వాళ్లు రేడియేషన్ బదులు రంగు తేల్చే ఎంజైము వాడారు. అదే ఎలైసా. 1985లో అమెరికా అనుమతించిన మొదటి హెచ్‌ఐవి పరీక్ష ఆ రకందే.

ఇంత నాజూకు పరీక్షకూ చిక్కులున్నాయి. క్రిమి సోకిన కొత్తలో యాంటీబాడీలు ఇంకా తయారై ఉండవు, కొన్ని వారాలు పడుతుంది. మరో పక్క, ఒక్కోసారి రోగం లేనివాళ్లకూ పాజిటివ్ చూపుతుంది. అందుకే మొదటి పాజిటివ్‌ను వేరే పరీక్షతో ఖాయం చేసుకోవాలన్నది వైద్యుల నియమం. అన్‌ఫిట్ అనగానే కుప్పకూలిపోయి ఇంటికి ఫోన్ కొట్టకండి. రిపోర్టు కాగితం చేతికి అడగండి, ఏ పరీక్ష చేశారో, రెండోసారి చేశారో లేదో అడగండి.