రెండు బసల మధ్య మూడు రోజులు



విశాఖపట్నంలో కాపురముండేవారికి బంధువుల కొదవ ఉండదు. పొరుగు జిల్లా బంధువు ఎవరైనా క్షేమం అడిగిన తరువాత అడిగే రెండవ ప్రశ్న "సముద్రం మీ ఇంటికి ఎంత దూరం?" అనేదే. మా ఇల్లు గాజువాకలో, ఉక్కు కర్మాగారం వైపు ఉన్నది. బీచ్ రోడ్డు చేరాలంటే మాకే గంట ప్రయాణం. పైగా నాది రెండు గదుల ఇల్లు. కాబట్టి ఈ చలికాలపు సెలవులలో మా అన్నగారి కుటుంబమూ, తమ్ముడి కుటుంబమూ ఒకేసారి వస్తున్నారని తెలిసినప్పుడు సంతోషంతో పాటు చిన్న దిగులు కూడా కలిగింది. ఆ దిగులు వారికి చోటు ఎక్కడ అన్నదే. చోటు దొరికింది. దాని తరువాత వచ్చిన చిక్కు గురించే ఈ నెల వ్రాస్తున్నాను. బంధువులతో కలిసి ఊరు చూడబోయే ప్రతి ఇంటివారికీ ఈ చిక్కు ఎదురుకాగలదు.

అన్నగారు కర్నూలులో దర్జీ. మా తల్లిగారు ఆయన వద్దనే ఉంటారు. ఆమెకు 76 సంవత్సరాలు, మోకాళ్ళ నొప్పి, రక్తపోటు. తమ్ముడు హైదరాబాదులో కంప్యూటర్ ఉద్యోగి, కొంతకాలం అమెరికాలో ఉండి వచ్చినవాడు. అతడు ఋషికొండ వైపు ఈతకొలను గల హోటలులో గది తీసుకున్నాడు. అన్నగారికి కూడా అక్కడే ఒక గది తీసుకుంటానని, డబ్బు తానే కడతానని ఫోనులో చెప్పాడు. అన్నగారు మృదువుగానే వద్దన్నారు. రైల్వే స్టేషను దగ్గర ఒక సాధారణ లాడ్జిలో దిగారు. తల్లిగారు "నా మాత్రలూ, నా వేడినీళ్ళూ పెద్దకోడలికే తెలుసు" అని ఆ లాడ్జికే వెళ్ళారు.

ఈ విషయంలో నేను ఎవరి పక్షమూ వహించలేను. ఇచ్చేవాడి మనస్సు మంచిదే. వద్దన్నవాడి మనస్సూ మంచిదే. జీవితమంతా ఇతరుల కొలతలు తీసుకుని బట్టలు కుట్టిన మనిషికి తన కొలత తనకు తెలియదా? కాని ఒకే కుటుంబం రెండు బసలలో దిగినప్పుడు, ఆ రెంటికీ నడుమ సుమారు 14 కిలోమీటర్ల ఊరు ఉన్నదన్న సంగతిని మాలో ఎవరూ ఆలోచించలేదు. ఊరివాడినైన నేను కూడా ఆలోచించలేదు.

ఆదివారం కైలాసగిరితో మొదలుపెట్టాము. నేనూ నా భార్యా గాజువాక నుండి కాంప్లెక్సుకు వచ్చి, అన్నగారి కుటుంబాన్ని కలుసుకుని, 10కె బస్సులో కొండకు వెళ్ళాము. తమ్ముడు కారులో వచ్చాడు.  పైనుండి చూస్తే ఒక ప్రక్క పోర్టూ డాల్ఫిన్స్ నోస్ కొండా, మరొక ప్రక్క ఋషికొండ వంపూ కనిపిస్తాయి. పిల్లలు చిన్న రైలు ఎక్కి కొండ చుట్టూ తిరిగారు. తల్లిగారు బెంచీ మీద కూర్చుని, రైలు వచ్చిన ప్రతిసారీ చేయి ఊపారు. జొహర్ నమాజు అక్కడే పచ్చికలో చేసుకున్నాము. ఆ పూట బాగా గడిచింది.

మూడు గంటలకు తమ్ముడి పిల్లలు ఈతకు తొందరపెట్టారు. "రాత్రి భోజనానికి అందరూ మా హోటలుకు రండి" అని చెప్పి తమ్ముడు వెళ్ళాడు. తల్లిగారి సాయంత్రపు మాత్రలు లాడ్జిలో ఉన్నాయి. కనుక అన్నగారి కుటుంబం కొండ దిగి, ఊరు దాటి, స్టేషనుకు పోయి, మరల అయిదు గంటలకు ఆటోలో ఋషికొండకు బయలుదేరింది. అంటే ఋషికొండ ముంగిటి నుండి వెనుకకు పోయి, మరల ఋషికొండకే రావడం. ఆటో అతడు 450 రూపాయలన్నాడు. బేరమాడే ఓపిక ఎవరికీ లేదు. ఆదివారం సాయంత్రం బీచ్ రోడ్డు సంగతి ఊరివారికి తెలిసినదే. సాగర్ నగర్ దరిదాపులకు వచ్చేసరికి సూర్యుడు అస్తమించాడు.

మగ్రిబ్ వేళ నిడివి తక్కువ. అన్నగారు ఆటో ఆపించి, మూసి ఉన్న ఒక దుకాణం అరుగు మీద తువ్వాలు పరచుకున్నారు. వుజూకు నీళ్ళు లేవు. ఆటో అతడు తన సీటు క్రింది నీళ్ళ సీసా తీసి ఇచ్చి, "మెల్లగా కానియ్యండి బాబూ, మీటరు తిరగడం లేదు కదా" అన్నాడట. మా తల్లిగారు ఆటోలో కూర్చునే నమాజు చేసుకున్నారు. ఈ సంగతి చెప్పినప్పుడు అన్నగారి ముఖంలో ఆ మనిషి పట్ల కృతజ్ఞత ఉన్నది, ఆలస్యం పట్ల కోపం కూడా ఉన్నది.

ఇక్కడ ఒక మాట చెప్పవలసి ఉన్నది. కర్నూలు నుండీ హైదరాబాదు నుండీ వచ్చినవారు ఇక్కడ ప్రయాణికులే. నాలుగు రకఅతుల ఫర్జ్ నమాజును వారు రెండుగా చేసుకుంటారు. స్థానిక ఇమాము వెనుక నిలబడితే మాత్రం పూర్తిగా చేస్తారు. కాని మగ్రిబ్ మూడు రకఅతులు ప్రయాణంలోనూ మూడే. నేను చదువుకున్న హనఫీ పద్ధతిలో, హజ్ సందర్భంలో తప్ప, ఒక వేళ నమాజును మరొక వేళలో కలిపి చేసే వీలు లేదు. ఇతర ఇమాముల వద్ద ప్రయాణికునికి ఆ వెసులుబాటు ఉన్నది. ఎవరు ఏ పద్ధతివారైనా, సాయంత్రపు వేళ ఊరిని అడ్డంగా దాటే ప్రయాణం పెట్టుకోకపోవడమే సులభం. ఇది ఫతవా కాదు, ట్రాఫిక్ చూసి చెప్పే మాట.

భోజనం ముగిసేసరికి రాత్రి పదిన్నర. ఆ వేళకు ఆటోలు దొరకలేదు. తమ్ముడే అందరినీ కారులో స్టేషను దాకా దింపి, తాను తిరిగి గది చేరేసరికి అర్ధరాత్రి దాటింది. అతని కష్టం కూడా తక్కువ కాదు.

సోమవారం నాడు జరిగినదానికి బాధ్యత పూర్తిగా నాది. జంతు ప్రదర్శనశాలకు పోదామని నేనే ప్రకటించాను. 1977లో ప్రారంభమై, 625 ఎకరాలలో కంబాలకొండ అడవి ప్రక్కన ఉన్న ఇందిరా గాంధీ జంతు ప్రదర్శనశాల మా ఊరికి గర్వకారణం. కాని సోమవారం దానికి సెలవు. మూడు కుటుంబాలు మూడు దారులలో వచ్చి మూసిన గేటు ముందు కలుసుకున్నాము. "పోనీ, జలాంతర్గామి చూద్దాం" అన్నాను. దానికీ సోమవారమే సెలవని గేటు దగ్గర బఠాణీలు అమ్మే అబ్బాయి చెప్పాడు. ముప్పది సంవత్సరాలుగా ఈ ఊరిలో పాఠాలు చెబుతున్న మనిషికి ఆ అబ్బాయి చెప్పిన పాఠం అది.

పగలు అలా పోయాక, సాయంత్రం తమ్ముడు భార్యాబిడ్డలతో అన్నగారి లాడ్జికి వచ్చాడు. నిన్న వారు వచ్చారు గనుక నేడు మనం పోవాలన్న మర్యాద. గదిలో రెండు మంచాలు, ఒక ప్లాస్టిక్ కుర్చీ. తల్లిగారు ఒక మంచం మీద పడుకుని ఉన్నారు. వదినగారు కంగారుగా పిల్లవాడిని బిస్కట్లకు పంపారు. తమ్ముడి పిల్లలు వరండాలో నిలబడ్డారు. నలభై నిమిషాలు ప్రయాణం చేసి వచ్చినవారు ఇరవై నిమిషాలు ఉన్నారు. తమ గదిని చూడడానికి వచ్చినట్టున్నదని అన్నగారికి తోచింది. కూర్చోమని ఒకసారి గట్టిగా అనలేదే అని తమ్ముడికి తోచింది. ఇద్దరూ ఆ మాట నాకు వేరువేరుగా చెప్పారు.

మెట్లు దిగబోతున్న మమ్మల్ని తల్లిగారు వెనుకకు పిలిచారు. "నేను సముద్రం కోసం రాలేదు నాయనా, మిమ్మల్ని ముగ్గురినీ ఒక్కచోట చూద్దామని వచ్చాను. రెండు రోజులుగా చూస్తున్నది మీరు బండ్లు ఎక్కడం, బండ్లు దిగడం." అంత మాత్రమే అన్నారు. ఎవరినీ నిందించలేదు. అన్నగారు కిటికీ వైపు తిరిగారు.

అప్పుడు దారి చెప్పినవాడు తమ్ముడే. అమెరికాలో ఉన్నప్పుడు అతడు ఫ్లోరిడా రాష్ట్రంలోని డిస్నీ వరల్డుకు వెళ్ళాడు. 1971లో ప్రారంభమైన ఆ వినోద నగరం వైశాల్యం సుమారు 40 చదరపు మైళ్ళు. అందులో నాలుగు పెద్ద పార్కులు, ఇరవైకి పైగా హోటళ్ళు ఉన్నాయి. బస్సులు, పడవలు, ఒకే పట్టా మీద నడిచే రైలు, 2019 నుండి తీగల మీద నడిచే పెట్టెలు కూడా ఉన్నాయి. ఇన్ని ఉన్నా, ఒక హోటలు నుండి మరొక హోటలుకు నేరుగా పోయే బస్సు సాధారణంగా ఉండదట. ముందు ఏదైనా పార్కుకో అంగళ్ళ కూడలికో పోవాలి, అక్కడ దిగి రెండవ హోటలు బస్సు ఎక్కాలి. తెలియనివారు స్నేహితుల హోటలులో భోజనానికని బయలుదేరి రెండు గంటలు పోగొట్టుకుంటారు. తెలిసినవారు ఒకరి హోటలుకు ఒకరు పోరు. పార్కు ద్వారం దగ్గర కలుసుకుంటారు.

"రామోజీ ఫిల్మ్ సిటీలో ఈ బాధ లేదు" అని మరదలు అన్నది. నిజమే. 1996 నుండి ఉన్న ఆ చోటిలో హోటళ్ళూ వారివే, సందర్శకులను త్రిప్పే బస్సులూ వారివే. అందరూ ఒకే యజమాని చేతి క్రింద తిరుగుతారు. విశాఖపట్నం ఎవరి పార్కూ కాదు. ఇది పోర్టూ ఉక్కూ నౌకాదళమూ నడుమ బ్రతుకుతున్న ఊరు. మన బసకు అనుగుణంగా అది బస్సులు నడపదు.

నాకు మక్కా గుర్తుకు వచ్చింది. పోలిక బస్సులకే గాని, ఆ చోటుకు మరి దేనితోనూ పోలిక లేదు. అజీజియాలో వేరువేరు భవనాలలో దిగిన మన తెలుగు హాజీలు ఒకరి భవనాన్ని ఒకరు వెదుక్కోరు. "79వ నంబరు ద్వారం దగ్గర, అసర్ తరువాత" అని చెప్పుకుంటారు. అది ఫహద్ రాజు పేరు గల ద్వారం. పేరు మరచినా సంఖ్య మరువరు. ఇంత తెలిసి ఉండి సొంత ఊరిలో నాకు తోచలేదు.

కనుక మంగళవారానికి ఇలా నిర్ణయించుకున్నాము. ఎవరి గదికీ ఎవరూ పోకూడదు. ఫజర్ తరువాత ఆర్.కె. బీచ్‌లో కలవాలి. తల్లిగారి మాత్రలు, పొడి బట్టలు, రొట్టెలు ఒక సంచిలో వెంట ఉండాలి, దేనికోసమూ వెనుకకు పోయే పని ఉండకూడదు. రాత్రి ఏడు గంటలకల్లా ఎవరి బసకు వారు మళ్ళాలి.

రాబోయే బంధువుల కోసం మరికొన్ని సంగతులు కూడా చెబుతాను. స్టేషను వైపు నుండి ఋషికొండ మీదుగా భీమిలికి 900కె బస్సు ఉన్నది. 2025 ఆగస్టు 15 నుండి మన రాష్ట్ర స్త్రీలకు సిటీ బస్సులలో ప్రయాణం ఉచితం, గుర్తింపు కార్డు చూపాలి. తల్లిగారూ వదినగారూ నా భార్యా అలాగే తిరిగారు. మరదలి కార్డు హైదరాబాదుది కావడంతో ఆమె టికెట్టు కొన్నది. ఆమెకు వారి రాష్ట్రంలో 2023 డిసెంబరు నుండే ఈ సౌకర్యం ఉన్నది కదా అని వదినగారు నవ్వారు. మూడు రోజులలో ఆ ఇద్దరు తోడికోడళ్ళు కలిసి నవ్వడం అదే మొదలు. అదే ఆగస్టు నెలాఖరున ఆర్.కె. బీచ్ నుండి తొట్లకొండ వరకు విద్యుత్తుతో నడిచే రెండంతస్తుల బస్సులు కూడా వచ్చాయి. ఒకసారి కొన్న టికెట్టు 24 గంటలు చెల్లుతుంది. ఎక్కడైనా దిగి, మరల ఎక్కవచ్చు. ప్రారంభంలో ధర 250 రూపాయలు. పై అంతస్తు మెట్లు మోకాళ్ళ నొప్పివారికి కావు, క్రిందనే కూర్చోవాలి.

మంగళవారం తెల్లవారేసరికి పదకొండుమందిమీ బీచ్ రోడ్డు మీద ఉన్నాము. ఆ వేళ అక్కడ వాహనాలను ఆపివేస్తారు. నడిచేవారికే రోడ్డు. తల్లిగారికి చక్రాల కుర్చీ ఒకటి మా మదరసా పొరుగువారి వద్ద దొరికింది. తమ్ముడి కొడుకూ అన్నగారి కొడుకూ వంతులవారీగా దానిని త్రోశారు. సూర్యుడు నీటిలో నుండి లేచేటప్పుడు ఆమె ఏమీ మాట్లాడలేదు. కొడుకులు ముగ్గురమూ ఒక ప్రక్కగా ఇసుక గట్టు మీద కూర్చున్నాము. మా నాన్నగారి కుట్టు మిషను గురించి, దానిని అమ్మిన సంవత్సరం గురించి మాట్లాడుకున్నాము. తమ్ముడి కాలేజీ ఫీజు కోసం దానిని అమ్మారన్న సంగతి అతనికి ఆనాటి వరకు తెలియదు.

మధ్యాహ్నం కుర్సురా తెరిచారు. 1969 నుండి 2001 వరకు నౌకాదళంలో పనిచేసి, 2002లో ప్రదర్శనశాలగా ఒడ్డుకు చేరిన జలాంతర్గామి అది. పొడవు 91 మీటర్లు. పిల్లలు లోపలి ఇరుకు పడకలను చూసి, ఇందులో డెబ్బదిమందికి పైగా ఎలా సర్దుకున్నారని బయటకు వచ్చి అడిగారు. అన్నగారు తమ్ముడి వైపు చూసి నవ్వారు. తమ్ముడూ నవ్వాడు.

అసర్ తరువాత బీచ్ మీద టీ తాగాము. తమ్ముడు జేబులో చేయి పెట్టాడు. అన్నగారు అతని మణికట్టు పట్టుకుని ఆపారు. తమ్ముడు చేయి తీసివేశాడు. అన్నగారు చిల్లర లెక్కపెట్టి పదకొండు టీలకూ డబ్బు ఇచ్చారు. తల్లిగారు తనకు ఇంకొక అరకప్పు కావాలన్నారు.